తరుగు

ఎనుమాముల యార్డుల మిర్చి దిగిన నాడు
తుమ్ములే మాట్లాడుతయి, మనుషులు కాదు.
నలభై కిలోల బస్తా వీపు మీదేసుకొని
నేను మనసుల రొట్టెలు లెక్కపెడుతున్న.
రెండు. జొన్నయి. అరచెయ్యంత.
చీటీ మీద అట్లనే ఉన్నది.

ఎంజీఎంల ఆ చీటీ రాసిచ్చిన పిల్ల
మా చిన్నదానంత ఉంటది.
"బాబాయ్, అన్నం ఒక్క కప్పే" అన్నది.
ఏ కప్పు బిడ్డా, అనడిగిన.
బల్ల మీద తాను చాయ్ తాగి పెట్టిన
కాయితపు కప్పు చూపెట్టి తానే నవ్వింది.
యాభై రెండేండ్ల ఆకలిని
అండ్ల ఎట్ల పోయాల్నో
ఇద్దరికీ తెల్వలే.

చీటీ అంగీ జేబుల పెట్టుకున్న.
వారానికి చెమటకు నాని
తినాల్సినయి, తినొద్దన్నయి
రెండు వరుసలూ ఒకదాని మీదొకటి అచ్చుపడ్డయి.
మడత మీది మామిడిపండు
ఎటు దిక్కుదో ఇప్పుడెవ్వలు చెప్పలేరు.

పొద్దున ఎనిమిదింటికి టిఫినట.
ఎనిమిదింటికి పాట నడుస్తుంటది.
పదకొండింటికి మొలకలట.
పదకొండింటికి కాంటా.
కాంటా ఆగితే సేటు చాయ్ తెప్పిస్తడు,
పాకమోలె తియ్యగ, పైన మీగడ తెట్టె.
వద్దంటే "ఏం కొమ్రెల్లీ, కోపమా?" అంటడు.
మొన్ననే కూలి పెంచుమన్నోడు
ఇయ్యాల చాయ్ వద్దంటే
ఏమనుకుంటరో చీటీల లేదు.

ఇంటికాడ ఉప్పలక్క నాకొక్కనికే రొట్టె కొడ్తది.
తనకు, పిల్లలకు అన్నం.
మొదటి నెల వాళ్లు నా ముందట తినలే.
తలుపు దగ్గరికేసి, పళ్లెం చప్పుడు గాకుంట,
దొంగసొమ్ము పంచుకున్నట్టు తిన్నరు.
అది చూసిన నాడు నేనే పోయి కూసున్న,
"ఇటు పెట్టు ఒక ముద్ద" అన్న.
పచ్చిపులుసు, ఎల్లిపాయ కారం.
ఆ ముద్దను ఏ వరుసల రాసుకుంటరో రాసుకోండ్రి.
మల్లంపల్లిల దినాలకు పోతే బూరె.
కాదంటే సచ్చినామెనే కాదన్నట్టు.

పరీక్షకు రెండు దినాల ముందు మాత్రం
నా అంత నిష్ఠ అయ్యగారికి గూడ ఉండదు.
కాకరకాయ, మెంతిపొడి, సల్లటి అంబలి.
నెత్తురిచ్చి, "బాగుంది" అనిపించుకొని
చౌరస్తాల నాలుగు మిర్చి బజ్జీలు.

పోయినసారి సారు నవ్వుకుంట కొత్త పరీక్ష రాసిండు.
అది నిన్నటి సంగతి అడగదట,
మూడు నెలలది కలిపి చెప్తదట.
సేటు కాడి ఎర్రబట్ట పుస్తకం ఎరికే నాకు,
నా వొంట్ల గూడ ఒక గుమాస్తా కూసున్నడని
గప్పటిదాంక ఎరుక లేదు.
చాయ్, బూరె, ముద్ద,
పేర్లు లేవు, తారీకులు లేవు,
అన్నీ కలిపి ఒక్క అంకె:
తొమ్మిదిన్నర.

భయపడ్డ. అబద్ధమెందుకు.
ఇరవై దినాలు చీటీ చెప్పినంతనే తిన్న,
గోలీలు తప్పలే, చాయ్ ముట్టలే.
ఇరవయ్యొకటో నాడు లారీ కాడ
పదిహేడో బస్తా కింద
యార్డు మొత్తం తెల్లగైంది.
ఎర్రటి మిర్చి రాశులు సుత తెల్లగ.
ఎవలో నా పేరు దూరంకెల్లి పిలుస్తున్నరు,
ఆ పేరు ఎవనిదో యాదికొస్తలేదు.

యాకూబ్ నన్ను కాంటాకు ఆనిచ్చి కూసోబెట్టి
నోట్లె బెల్లం ముక్క పెట్టిండు.
"చప్పరించు రా, చప్పరించు" అని తిట్టిండు.
బెల్లం,
తినొద్దన్న వరుసల మొట్టమొదటిది,
అలిగిపోయిన తమ్ముడు ఆపతికొచ్చినట్టు
నాలుక మీద మెల్లగ కూసున్నది.
రంగులు ఒక్కొక్కటే తిరిగొచ్చినయి.
ముందుగాల ఎరుపు.

ఎల్లుండి మళ్ల ఎంజీఎం.
ఆ పిల్ల పెన్ను తీసి అడుగుతది:
"బాబాయ్, గడిచిన ఏడు రోజులల్ల
ఎన్ని రోజులు చెప్పినట్టు తిన్నవ్?"
ఏడంటే అబద్ధం. సున్న అన్నా అబద్ధమే.
పొద్దుగాల గెలిచి పొద్దూకినంక ఓడిన దినాన్ని
ఎటు కలపాలె బిడ్డా?
కాంటా మీద బస్తాకు
తేమకని, మట్టికని తరుగు తీస్తరు.
నాకు గూడ తీసి రాసుకో.
నాలుగు దినాలు రావొచ్చు.
మూడున్నర.